చెక్కు బౌన్సయితే ముందు తేదీలు లెక్కపెట్టండి

మిర్చి యార్డులో సరుకు అమ్మితే వచ్చిన చెక్కు కావచ్చు, బీసెంట్ రోడ్డులో కొట్టు ఖాళీ చేసినప్పుడు అడ్వాన్సు కింద ఇచ్చిన చెక్కు కావచ్చు. అది తిరిగొస్తే చాలామంది నేరుగా పోలీసు స్టేషనుకు పరుగెత్తుతారు. అక్కడ పనయ్యేది కాదు. చెక్కుల వ్యవహారాలు చూసే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138 సెక్షన్ కింద మీరే మేజిస్ట్రేటు కోర్టులో ఫిర్యాదు వేసుకోవాలి. బాకీ నిజమే అయినా గడువు తప్పి పోయే కేసులుంటాయి.

చెక్కు ఎందుకు తిరిగొచ్చిందో రాసి బ్యాంకు ఇచ్చే చీటీని, అంటే రిటర్న్ మెమోను, పారేయకండి. అది చేతికందిన మర్నాటి నుంచి 30 రోజుల్లో చెక్కు ఇచ్చినాయనకు నోటీసు పంపాలి. మార్చి 5న మెమో వస్తే ఏప్రిల్ 4 ఆఖరు. నోటీసులో చెక్కు నంబరు, తేదీ, మొత్తం రాసి, ఆ డబ్బు కట్టమని స్పష్టంగా అడగాలి. వడ్డీ, ఖర్చులు కావాలంటే విడిగా చూపాలి. అన్నీ కలిపి ఒకే అంకె వేశారంటే అవతలి లాయరుకు పండగే. పోస్టు రసీదు, ట్రాకింగ్ ప్రింటు దాచుకోండి. సరైన చిరునామాకు వెళ్లిన కవరును తీసుకోనని తిప్పి పంపినా అందినట్టే లెక్క.

ఏప్రిల్ 10న ఆయనకు నోటీసు అందిందనుకుందాం. డబ్బు కడతాడేమోనని 25 దాకా, అంటే 15 రోజులు, ఆగాలి. తొందరపడి పదో రోజే ఫిర్యాదు వేస్తే చెల్లదు. 26 నుంచి నెల గడువు మొదలవుతుంది కాబట్టి మే 25 దాటనివ్వకండి. ఫిర్యాదు ఆలస్యమైతే తగిన కారణం చూపి కోర్టును ఒప్పించవచ్చు. నోటీసు ఆలస్యానికి మాత్రం ఆ వెసులుబాటు లేదు.

"వచ్చే వారం మళ్లీ వేసుకో అన్నా" అనే మాట వింటూ కూర్చుంటే ఆ 30 రోజులూ కరిగిపోతాయి. అప్పటికీ దారి ఒకటుంది. చెక్కు మీది తేదీ నుంచి మూడు నెలలు దాటకపోతే మళ్లీ బ్యాంకులో వేయండి. కొత్త మెమోతో కొత్త 30 రోజులు వస్తాయి.

చెక్కు ఇచ్చినాయన హైదరాబాదులో ఉన్నా, మీ ఖాతా గుంటూరు అరండల్‌పేట శాఖలో ఉంటే కేసు గుంటూరులోనే. నేరం రుజువైతే రెండేళ్ల వరకు జైలు, చెక్కు మొత్తానికి రెండింతల వరకు జరిమానా, లేదా రెండూ. ముద్దాయి నేరం ఒప్పుకోకపోతే, కేసు నడుస్తుండగానే చెక్కు మొత్తంలో 20 శాతం వరకు మధ్యంతర పరిహారం ఇప్పించే అధికారం కోర్టుకుంది. రాజీకి ఎప్పుడైనా వీలుంది.

ఖాళీ చెక్కు మీద సంతకం చేసి ఇచ్చేవాళ్లకూ ఒక మాట. అంకె అవతలివాడు నింపుకున్నా, సంతకం మీదేనని ఒప్పుకుంటే బాకీ లేదని చూపించాల్సిన భారం మీ నెత్తినే పడుతుంది.

ఇంకో చిక్కు. లక్ష చెక్కు చేతిలో ఉండగా ముప్ఫై వేలు ఫోన్‌పేలో వచ్చాయనుకోండి. అదే చెక్కును లక్షకే బ్యాంకులో వేస్తే 138 కేసు నిలవదు. అందిన మొత్తాన్ని చెక్కు మీద రాయించి మిగతాదానికి వేయాలి, లేదా డెబ్భై వేలకు కొత్త చెక్కు తీసుకోవాలి. రెండోదే తేలిక.