ఆరు తిరగబడితే తొమ్మిది

రాయగడలో మాది రెండు లేతుల (లోహాన్ని తిప్పుతూ చెక్కే మెషీన్ల) చిన్న షాపు. చుట్టుపక్కల మిల్లులకు పంపు షాఫ్టులు, వాటి మీద తొడిగే గొట్టాల్లాంటి స్లీవులు చేసిస్తుంటాం. పోయినేడాది ఒక ఫ్యాక్టరీ నుంచి 48 స్లీవుల ఆర్డరొచ్చింది. ఎస్‌ఎస్ 410 అనే స్టెయిన్‌లెస్ స్టీలు మెటీరియల్, హార్డెనింగ్ (ఫర్నేసులో వేడిచేసి గట్టిపరచడం) చేయించాలి. ఆర్డరు కాగితం అడుగున ఇంకో లైనుంది: ప్రతి పీసు మీదా హీట్ నంబరు, వరస నంబరు చెరగకుండా ఉండాలి. రేటు చెప్పేటప్పుడు ఆ లైనుకి నేను రూపాయి కూడా వేసుకోలేదు. సుత్తి, పంచ్ (మొన మీద అంకె ఉండే ఉక్కు కడ్డీ) ఉంటే చాలు కదా అనుకున్నాను.

హీట్ నంబరంటే ఆ ఉక్కును ఏ విడతలో కరిగించారో చెప్పే గుర్తు. ఉక్కుతో పాటు వచ్చే సర్టిఫికెట్లో క్రోమియం ఎంత, కార్బన్ ఎంత అని రాసేది ఆ నంబరు పేరు మీదే. మాకొచ్చిన బారుకి అది ఒక చివరే ఉంది. మేం ముందు ఆ చివరే కోసి పారేశాం! షెడ్డులో ఆ సైజు బారు అదొక్కటే కాబట్టి బతికిపోయాం. ఇప్పుడైతే కోసే ముందే మిగిలే ముక్క మీదకి నంబరు ఎక్కిస్తాం.

ఎప్పుడు కొట్టాలన్నది తర్వాతి చిక్కు. పెయింటు మార్కరుతో రాస్తే ఫర్నేసులో కాలిపోతుంది. హార్డెనింగ్ అయ్యాక కొడదామంటే పంచ్ మొనే విరుగుతుంది. బయటి గుండ్రటి పక్క కొడితే గ్రైండింగులో పోతుంది. అందుకని లేతు పని అవగానే, మెత్తగా ఉన్నప్పుడే, స్లీవు కొసన ఉండే చదును ముఖం మీద కొట్టాం. పంచ్ దిగినచోట లోహం చుట్టూ పెదవుల్లా పైకి లేస్తుంది. ఓ-రింగు (లీకు ఆపే రబ్బరు రింగు) కూర్చునే వైపు అలా లేస్తే రింగు కోసుకుపోతుంది. కాబట్టి రెండో ముఖం ఎంచుకుని, సన్న ఆకురాయితో సాపు చేశాం. ఇంతవరకూ బాగానే ఉంది.

ఇన్‌స్పెక్షనుకొచ్చినాయనది పార్వతీపురం. ఏడు పీసులు పక్కన పెట్టి, ‘‘సర్టిఫికెట్లో 6184 ఉందండీ, వీటి మీద 9184 ఉంది. ఇది వేరే మెటీరియలా?’’ అన్నారు. నాకు చెమట పట్టింది.

అంకెల పంచ్ సెట్టులో ఉండేవి తొమ్మిదే, సున్నా నుంచి ఎనిమిది దాకా. తొమ్మిదికి వేరే పంచ్ ఉండదు, ఆరునే తిప్పి కొట్టుకోవాలి. మా సెట్టు పాతది, ఏ వైపు పట్టుకోవాలో చెప్పే పక్క గుర్తు అరిగిపోయింది. మా కుర్రాడు భోజనం తర్వాత కొట్టిన ఏడూ తిరగబడ్డాయి. ‘‘అన్నా, రెండూ ఒకలాగే ఉన్నాయి కదా’’ అన్నాడు. వాణ్ణి తిట్టడానికి నోరు రాలేదు. పీసులు ప్యాక్ చేయించింది నేనే, చదివి చూడనిది నేనే.

ముఖం గ్రైండ్ చేసి చెరిపేద్దామంటే పొడవు తగ్గిపోతుంది. ఏ పీసు ఏ బారులోంచి కోశామో రాసుకునే కట్ రిజిస్టరు చూపించాక, ఆ ఏడూ ఒకే బారువని ఆయన ఒప్పుకున్నారు. తప్పు నంబరు మీద గీత పెట్టి, పక్కన సరైనది తన ముందే వేయమన్నారు. కానీ గట్టిపడిన ఉక్కు మీద వేసేదెలా?

తెలిసినాయన ఒకరు విశాఖ ఆటోనగర్ నుంచి ఎచింగ్ పెట్టె (కరెంటుతో లోహం మీద గుర్తు వేసేది) తెచ్చిచ్చారు. చూస్తే బొమ్మల పనిలాగే ఉంటుంది. అంకెలు తెరిచి ఉన్న స్టెన్సిల్ పీసు మీద పరిచి, ఉప్పు ద్రావణంలో తడిపిన ఫెల్టు ప్యాడుతో కొన్ని సెకన్లు అదమాలి. తక్కువ వోల్టు కరెంటు తెరిచిన చోటే లోహాన్ని తింటుంది. డీసీ పెడితే గుంట పడుతుంది, ఏసీ పెడితే నల్లగా వస్తుంది. ఉక్కు ఎంత గట్టిదైనా దీనికి లెక్కలేదు, పెదవులూ లేవవు. తర్వాత బాగా కడిగి ద్రావణం ప్రభావం పోగొట్టాలి. నేను ఒక పీసుకి తొందరపడి కడగలేదు, తెల్లారేసరికి తుప్పు మచ్చలు. వరస నంబరు మారినప్పుడల్లా కొత్త స్టెన్సిల్ కావాలన్నదొక్కటే విసుగు. పెద్ద ఆర్డరైతే కాంతితో గుర్తు వేసే ఫైబర్ లేజర్ మెషీనే నయం, కంప్యూటరే అంకె మార్చుకుంటుంది. మాకు దానికంత పని లేదు.

నెల ఆలస్యంగా బిల్లు పాసైంది. ఆరు పంచ్‌కి ఒకవైపు ఎర్ర ఇన్సులేషన్ టేపు అంటించాను. ఆరు కొట్టేటప్పుడు టేపు మనవైపు ఉండాలి. ఆరు కింద చిన్న గీత కూడా కొట్టిస్తున్నాను.