మెషిన్ టీబీ అంది, తెమడ కాదంది

శిబిరంలో తీసిన ఛాతీ ఎక్స్‌రేను కంప్యూటరే చదివి ‘టీబీ అనుమానం’ అని కాగితం చేతిలో పెడితే ఇంట్లోవాళ్లకు కాళ్లూ చేతులూ ఆడవు. ఆ కాగితం వచ్చిన దగ్గర్నుంచి అసలు జబ్బు పేరు తెలిసేదాకా మేం ఏయే గడపలు తొక్కామో రాస్తున్నాను. మా నాన్న విషయంలో మెషిన్ పొరబడిందని మా బంధువులు ఇప్పటికీ అంటారు. నేను మాత్రం ఒప్పుకోను.

2024 డిసెంబరు 7న దేశంలో వంద రోజుల క్షయ నిర్మూలన ప్రచారం మొదలైంది. జబ్బుపడ్డవాళ్లు ఆసుపత్రికి వచ్చేదాకా ఆగకుండా, ప్రమాదం ఎక్కువున్నవాళ్లను వెతుక్కుంటూ వెళ్లి పరీక్షించడం దాని పద్ధతి. అరవై దాటినవాళ్లు, షుగరు ఉన్నవాళ్లు, పొగ తాగేవాళ్లు, బాగా బక్కచిక్కినవాళ్లు, ఇదివరకే టీబీ వచ్చి తగ్గినవాళ్లు. నాన్నకు వయసుంది, షుగరుంది, నా పెళ్లికి ముందెప్పుడో టీబీ వచ్చి మందులతో తగ్గిన చరిత్ర కూడా ఉంది. ఆ ప్రచారం ముగిశాక కూడా ఇలాంటి శిబిరాలు జరుగుతూనే ఉన్నాయి. మా ఊరి వంతు వచ్చినప్పుడు ఆశా కార్యకర్త ఇంటికే వచ్చి పిలిచింది. “నాకు దగ్గే లేదు కదమ్మా” అన్నారు నాన్న. “దగ్గు లేనివాళ్ల కోసమే బాబాయ్ ఈ ఎక్స్‌రే” అంది ఆవిడ. ఆ మాట నిజమే. 2019–21లో దేశమంతటా జరిగిన క్షయ సర్వేలో ఎక్స్‌రే తీయకుండా లక్షణాలు మాత్రమే అడిగి ఊరుకుని ఉంటే 42.6 శాతం కేసులు దొరికేవే కావు.

పంచాయతీ కార్యాలయం వరండాలో తీశారు. మెషిన్ చేత్తో పట్టుకునేంతే ఉంది, పెద్ద కెమెరాలా. వెనక పలక పెట్టి, భుజాలు ముందుకు వంచి ఊపిరి బిగబట్టమన్నారు. కాసేపటికి లాప్‌టాప్ తెర మీద బొమ్మ, దాని మీద ఎరుపూ పసుపూ కలిసిన మరక, పక్కన ఒక అంకె. మరక తెర మీద ఎడమ వైపు పైన ఉంది. ఎక్స్‌రేలో ఎడమ పక్క కనిపించేది మనిషి కుడి ఊపిరితిత్తి అని అక్కడే తెలిసింది. అంకె వందకు ఎనభై దాటింది. అంటే నూటికి ఎనభై పాళ్లు టీబీ ఉందని మా తమ్ముడు లెక్క వేశాడు. అది అలా చదవాల్సిన అంకె కాదని టెక్నీషియన్ చెప్పాడు. గతంలో చూసిన వేల ఎక్స్‌రేలతో పోల్చి, ఇది టీబీ ఉన్నవాళ్ల బొమ్మలకు ఎంత దగ్గరగా ఉందో సాఫ్ట్‌వేర్ ఇచ్చే మార్కు అది. ఇన్ని మార్కులు దాటితే తెమడ పరీక్షకు పంపాలని ఎక్కడికక్కడ ఒక గీత పెట్టుకుంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2021లో పదిహేనేళ్లు, ఆపైన ఉన్నవారికి ఈ రకం సాఫ్ట్‌వేర్ వాడవచ్చని చెప్పింది గానీ, అది వడపోత వరకే. జబ్బు ఉందని తేల్చేది తెమడలో దొరికే క్రిమి.

నాన్న పేరు ప్రభుత్వ టీబీ వివరాల వెబ్‌సైటు నిక్షయ్ పోర్టల్‌లో అనుమానితుడిగా ఎక్కించి, మూతగట్టిగా ఉన్న చిన్న డబ్బా ఇచ్చారు. ఈ మొత్తం తతంగంలో కృత్రిమ మేధ పని నిమిషంలో అయిపోయింది, ఈ డబ్బా దగ్గరే మేం ఆగిపోయాం. దగ్గే లేని మనిషి తెమడ ఎక్కడి నుంచి తెస్తాడు? నాన్న కష్టపడి ఏదో తెచ్చిస్తే ల్యాబ్‌లో అమ్మాయి డబ్బాను వెలుగుకు ఎత్తి పట్టి చూసి, “ఇది ఉమ్మి పెద్దాయనా, తెమడ చిక్కగా ఉండాలి” అని వెనక్కి ఇచ్చేసింది. ఎలా తీయాలో ఆవిడే నేర్పింది. పొద్దున లేవగానే నీళ్లతో నోరు పుక్కిలించాలి. ఆరుబయట, పక్కన ఎవరూ లేకుండా నిలబడాలి. రెండుమూడు సార్లు గాలి నిండుగా పీల్చి, కాసేపు బిగబట్టి, అప్పుడు పొట్ట లోపలి నుంచి దగ్గాలి. మర్నాడు తెల్లవారుజామున దొడ్లో నాన్న చేసిన ఆ సాధనకు పక్కింటివాళ్లు కూడా లేచి కూర్చున్నారు.

ఈసారి డబ్బా తీసుకున్నారు. తెమడలో క్షయ క్రిమి జన్యుపదార్థాన్ని వెతికే ట్రూనాట్ మెషిన్‌లో పెడితే గంట, గంటన్నరలో ఫలితం వస్తుంది. క్షయ క్రిమి లేదు. రెండో నమూనాలోనూ లేదు.

ఇంట్లో పండగ చేసుకున్నారు. నాకు మాత్రం ఆ మరక సంగతి తేలలేదు. పట్నంలో ఒక ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళ్తే, అక్కడి డాక్టరు శిబిరం కాగితం ఒక్కటే చూసి, “కంప్యూటరే చెప్పింది కదా, ఆరు నెలల కోర్సు మొదలుపెడదాం” అన్నారు. తెమడ ఫలితం చూపించబోతే చేత్తో పక్కకు నెట్టారు. వడపోతకు పెట్టిన పరికరం మాటను తీర్పుగా తీసుకోవడమంటే ఇదే. మందుల చీటీ మడిచి సంచిలో పెట్టుకుని వచ్చేశాం.

దారి చూపింది మళ్లీ ప్రభుత్వ టీబీ విభాగం వైద్యుడే. ఆయన మొదట అడిగింది పాత ఎక్స్‌రే. అమ్మ ట్రంకు పెట్టెలో, పట్టుచీరల అడుగున, గోధుమరంగు కవరులో దొరికింది. ఆ ఫిల్మును కిటికీకి ఆనించి, కొత్త బొమ్మను పక్కన పెట్టి చాలాసేపు చూశారు. పాత టీబీ వదిలివెళ్లిన గుంత అప్పుడూ అక్కడే ఉంది. కానీ అప్పుడు ఖాళీగా ఉన్న గుంత ఇప్పుడు నిండుగా ఉంది. శిబిరంలో ఆ సాఫ్ట్‌వేర్ చేతిలో ఉన్నది ఒక్క ఎక్స్‌రే, దాన్ని అడిగిన ప్రశ్న కూడా ఒక్కటే. పాతది పక్కన పెట్టుకుని పోల్చడం ఈయన చేసిన పని. ఢాకాలో 23,954 మంది ఎక్స్‌రేలతో ఐదు సాఫ్ట్‌వేర్లను పరీక్షించి 2021లో ప్రచురించిన అధ్యయనం తర్వాత చదివాను. టీబీని పసిగట్టడంలో అవి రేడియాలజిస్టులను మించాయి. వయసు మళ్లినవాళ్ల దగ్గర, ఇదివరకు టీబీ వచ్చినవాళ్ల దగ్గర మాత్రం వాటి పదును తగ్గింది. నాన్న రెండు కోవల్లోనూ ఉన్నారు.

“తెమడలో ఎప్పుడైనా రక్తం చూశారా?” అని అడిగారు డాక్టరు. నాన్న నావైపు చూడకుండా, పొద్దునపూట అప్పుడప్పుడు ఎర్రటి చారలు కనబడతాయని, తాంబూలం ఎరుపేమో అనుకున్నానని చెప్పారు. ఆ సంగతి అమ్మకు కూడా తెలియదు.

గుంటూరులో ఛాతీ వైద్యుడి దగ్గరకు పంపారు. వెళ్లేముందు శిబిరం నుంచి ఎక్స్‌రే అసలు ఫైలు పెన్‌డ్రైవ్‌లో అడిగి తీసుకోండి, ఇది అందరికీ చెప్తున్నాను. ప్రింటు కాగితం మీద రంగు మరక తప్ప ఏమీ కనబడదు, తెరను ఫోనుతో తీసిన ఫొటో ఎవరికీ పనికిరాదు. ఫైలు కోసం కాస్త పోరాడాల్సి వచ్చింది గానీ ఇచ్చారు. సీటీ స్కాన్ ముందు వెల్లకిలా, తర్వాత బోర్లా పడుకోబెట్టి తీశారు. రెండుసార్లు ఎందుకో తెర మీద చూపించారు. వెల్లకిలా ఉన్నప్పుడు గుంత అడుగున గుండ్రటి ఉండ, దాని పైన నెలవంక ఆకారంలో గాలి. బోర్లా తిప్పేసరికి ఆ ఉండ అవతలి గోడకు దొర్లింది. ఊపిరితిత్తికి అతుక్కుని పెరిగిన కణితి అలా కదలదు. ఇది బూజు ఉండ. ఆస్పర్జిల్లస్ అనే బూజు పాత టీబీ గుంతలో గూడు కట్టుకుంది. రక్తపరీక్షలో ఆ బూజు మీద తయారైన యాంటీబాడీలు ఎక్కువగా ఉండటంతో అనుమానం తీరిపోయింది.

ఈ బూజు విత్తులు గాలిలో ఎప్పుడూ ఉంటాయి, అందరం పీలుస్తూనే ఉంటాం. తడిసిన గడ్డిలో, మాగిన ఎరువులో మరీ ఎక్కువ. నాన్న రోజూ గడ్డివాము దూస్తారు. ఈ జబ్బు అంత అరుదైనదీ కాదు. బ్రిటన్‌లో 1960లలో టీబీ తగ్గాక రెండున్నర సెంటీమీటర్లు, అంతకు మించిన గుంతలు మిగిలిన 544 మందిని చూస్తే 11 శాతం మందికి ఎక్స్‌రేలో ఈ ఉండ కనబడింది.

మందు ఇట్రాకొనజోల్, తక్కువలో తక్కువ ఆరు నెలలు. కడుపు నిండా తిన్న వెంటనే మింగాలి. నాన్న ఏళ్ల తరబడి వేసుకునే గ్యాస్ మాత్ర ఆపించారు, కడుపులో ఆమ్లం తగ్గితే ఈ గొట్టం మాత్ర ఒంటికి పట్టదు. కాలేయం పరీక్షలు మధ్యమధ్య చేయించాలి. టీబీ కోర్సులో ఉండే రిఫాంపిసిన్ ఈ మందును ఒంట్లో నిలవనివ్వదు, రెండూ కలిపి వాడకూడదని కూడా చెప్పారు. సంచిలో మడిచి పెట్టిన ఆ చీటీ అప్పుడు గుర్తొచ్చింది. రక్తం ఎక్కువగా పడితే మాత్రం రాత్రైనా పగలైనా ఆగకుండా తీసుకురమ్మన్నారు. అప్పుడు రక్తనాళాన్ని మూసే చికిత్స, అవసరమైతే ఆపరేషన్.

మెషిన్‌కు బూజు పేరు తెలియకపోవచ్చు. దగ్గు లేదని ఇంట్లో కూర్చున్న మనిషిని, రక్తం పడుతున్నా నోరు విప్పని మనిషిని లైనులోకి లాగింది అదే. బంధువులతో నా వాదన ఇక్కడే.

గుంత పూడదు కాబట్టి మళ్లీ ఎప్పుడు శిబిరం పెట్టినా నాన్న అంకె ఎక్కువే వస్తుందని, పాత ఫిల్మూ సీటీ రిపోర్టూ వెంట ఉంచుకోమని గుంటూరు డాక్టరు చెప్పారు. ఆశా కార్యకర్తకు రిపోర్టు జిరాక్సు ఇచ్చాను. తన రిజిస్టరులో నాన్న పేరు పక్కన ‘టీబీ లేదు, గుంటూరులో వైద్యం’ అని రాసుకుని, మా వీధిలో ఇంకా ఎక్స్‌రేకి రానివాళ్ల పేర్లు చదివి వినిపించింది. అందులో మా పెదనాన్న కూడా ఉన్నారు. దగ్గు లేదు కదా అంటున్నారట.