చెనిక్కాయ పట్టీ డబ్బా: మాకప్‌లో (డబ్బా నమూనా బొమ్మలో) కనిపించనివి

అనంతపురంలో ప్యాకేజింగ్ ప్రాజెక్టుకి వస్తువు కోసం వెతకాల్సిన పని లేదు, చెనిక్కాయ పట్టీ ఉంది. 25 గ్రాముల పట్టీలు ఎనిమిది వేస్తే 200 గ్రాముల డబ్బా. చూడ్డానికి సులువే, కానీ నూనె, బెల్లం రెండూ అట్టకి పడవు. నూనె మరకై బయటికి వస్తుంది, వానాకాలం బెల్లం చెమ్మగిల్లుతుంది. అందుకే పట్టీ ముందు పౌచ్‌లోకి, పౌచ్ తర్వాత డబ్బాలోకి. అట్ట తిండికి నేరుగా తగలకూడదు.

సాఫ్ట్‌వేర్ తెరిచేముందు స్కేలు తీసి పట్టీని కొలవండి. 80 × 40 × 8 మి.మీ. అనుకుందాం. పక్కపక్కన రెండు, ఒకదాని మీద ఒకటి నాలుగు పేరిస్తే 80 × 80 × 32. పౌచ్ సీలు మడతకి పైన 15-20 మి.మీ. వదలాలి. కాబట్టి డబ్బా వెడల్పు 85, మందం 40, ఎత్తు 100. డై లైన్‌లో (విప్పి పరిచిన డబ్బా కోత, మడతల గీతల్లో) అడ్డంగా 85+40+85+40, గమ్ అంచుకి 15, మొత్తం 265. నిలువుగా 100, పైనా కిందా మూతకి 40, దాని నాలుకకి (లోపలికి దూరే అంచుకి) 15 చొప్పున, మొత్తం 210. చుట్టూ 3 మి.మీ. బ్లీడ్ (కోత గీత దాటి పొడిగించే రంగు) కలిపితే 271 × 216. 12 × 18 అంగుళాల షీటులో ఇవి రెండు పడతాయి. అందంగా ఉంటుందని ఎత్తు ఇంకో 15 మి.మీ. పెంచారో, షీటుకి ఒక్కటే.

300 జీఎస్ఎమ్ (చదరపు మీటరుకి 300 గ్రాముల) డూప్లెక్స్ అట్టకీ మందం ఉంటుంది. గమ్ అంచు మీదకి వచ్చే చివరి పలకని అర మిల్లీమీటరు తగ్గించకపోతే డబ్బా మెలి తిరుగుతుంది. మూత నాలుకని కూడా 1 మి.మీ. తగ్గించాలి. గమ్ అంచు మీద 3 మి.మీ. బ్లీడ్ తప్ప ఇంకు, లామినేషన్ (పైన అతికే పలచటి ఫిల్మ్) ఏదీ ఉండకూడదు, ఉంటే గమ్ పట్టదు. ముదురు రంగు మడత మీద పడితే అక్కడ ఇంకు పగిలి తెల్లగీత తేలుతుంది. లామినేషన్ చేయించాలి, లేదా మడతల దగ్గర లేతరంగు పెట్టుకోవాలి.

ఇక పేరు. మన దగ్గర చెనిక్కాయ, కర్నూలు వైపు బుడ్డలు, కోస్తాలో వేరుశెనగ. ఎక్కడ అమ్ముతారో అక్కడి మాటే పెట్టండి. ‘చెనిక్కాయ పట్టీ’లో రెండు వత్తులున్నాయి. డిజైన్ సాఫ్ట్‌వేర్ ఇలస్ట్రేటర్‌లో సెట్టింగ్ సరిగా లేకపోతే అవి ‘చెనిక్‌కాయ పట్‌టీ’ అని విడిపోతాయి. ప్రిఫరెన్సెస్‌లో ఇండిక్ ఆప్షన్స్ టిక్ చేసి, పారాగ్రాఫ్ మెనూలో సౌత్ ఏషియన్ కంపోజర్ ఎంచుకోవాలి. ఇన్‌డిజైన్‌లో అయితే వరల్డ్ రెడీ కంపోజర్. అక్షరాల మధ్య ట్రాకింగ్ (ఎడం) పెంచొద్దు. వత్తులు కిందికి దిగుతాయి కాబట్టి 9 పాయింట్ల అక్షరానికి వరుసల ఎడం 14 అయినా ఉండాలి, ఇంగ్లీషుకి పెట్టినట్టు 11 పెడితే పై వరుస వత్తు కింది వరుస గుడికి తగులుతుంది. పేరుకి రామభద్ర, చిన్న అక్షరాలకి మండలి ఫాంటు బాగుంటాయి, రెండూ ఉచితమే. ప్రెస్సులో ఆ ఫాంటు లేకపోతే అంతా చెదిరిపోతుంది, కాబట్టి కర్వ్స్ చేసిన (అక్షరాలని గీతల బొమ్మగా మార్చిన) పీడీఎఫ్ పంపాలి. చిన్న అక్షరాలకి నలుపు కే 100 (నల్ల ఇంకు ఒక్కటే, నూరు శాతం) మాత్రమే. నాలుగు రంగులు కలిసిన నలుపైతే రిజిస్ట్రేషన్ (రంగులు ఒకదాని మీద ఒకటి పడే అమరిక) కాస్త జరిగినా సున్నాలు పూడిపోతాయి.

వెనక వైపుని చాలామంది ‘లోరెమ్ ఇప్సమ్’ అనే అర్థంలేని నింపుడు మాటలతో నింపేస్తారు. అసలు డిజైన్ కష్టమంతా అక్కడే ఉంది. ఆహార లేబులింగ్ నిబంధనలు (2020), లీగల్ మెట్రాలజీ ప్యాకేజ్డ్ కమోడిటీస్ నియమాలు (2011) చదివితే జాబితా దొరుకుతుంది: బరువు ప్రకారం ఎక్కువ నుంచి తక్కువకి పదార్థాలు, పోషక విలువల పట్టిక, చెనిక్కాయ ఉందన్న అలర్జీ సూచన, తయారీదారు చిరునామా, నికర బరువు, అన్ని పన్నులు కలిపిన ధర, గ్రాము ధర, బ్యాచ్, తేదీలు, 14 అంకెల ఆహార (ఎఫ్ఎస్ఎస్ఏఐ) లైసెన్సు నంబరు. ప్రాజెక్టు కోసమైతే 14 సున్నాలు పెట్టండి, ఇంకొకరి నంబరు అతికించొద్దు. ఈ వివరాలు తెలుగులో మాత్రమే ఇస్తే చెల్లదు, ఇంగ్లీషులో గానీ హిందీలో గానీ ఉండి తీరాలి, తెలుగు అదనం. ముందు పలక 85 చదరపు సెం.మీ. కాబట్టి శాకాహార గుర్తులో పచ్చచుక్క కనీసం 3 మి.మీ., చుట్టూ చదరం 6 మి.మీ.

బ్యాచ్, తేదీ, ధర ముద్రకి 30 × 15 మి.మీ. జాగా లామినేషన్ లేకుండా వదలండి. నున్నటి ఫిల్మ్ మీద ఆ ఇంకు వేలితో రుద్దితే పోతుంది. బార్‌కోడ్ (13 అంకెలది) పూర్తి సైజు 37.29 × 25.93 మి.మీ., 40 మి.మీ. పక్కపలకలో మడతలకి మరీ దగ్గరవుతుంది. 80 శాతానికి తగ్గిస్తే 29.83 × 20.74, అంతకంటే తగ్గించకూడదు. గీతలు ఎరుపులో వేయొద్దు, స్కానర్ ఎర్రకాంతికి అవి కనబడవు.

డమ్మీకి (చేత్తో చేసే నమూనా డబ్బాకి) ఏ4 చాలదు, 210 ఎత్తు ప్రింటర్ మార్జిన్‌లో తెగిపోతుంది. ఏ3 మీద ప్రింట్ తీసి అట్టకి అతికించి, రీఫిల్ అయిపోయిన బాల్‌పెన్నుతో మడతలు నొక్కి కత్తిరించండి. నిజం పట్టీలు పౌచ్‌లో వేసి మూత మూయండి. నాలుక లోపలికి దూరకుండా పైకి లేస్తుంటే పౌచ్ మడతకి ఎత్తు చాలలేదన్నమాట. అయితే పెంచడానికి ఉన్నది పన్నెండు మిల్లీమీటర్లే, ఆపైన షీటులో రెండోది పట్టదు.