ఒకే ఇంట్లో రెండు ఓట్లు

ఇంగ్లండ్‌లో ఉండే మన తెలుగువాళ్ళు చాలామంది పిల్లలకు చిన్నప్పుడే ఒక మాట నేర్పుతారు. "అవి వాళ్ళ రాజకీయాలు, మనకెందుకు? వచ్చామా, చదువుకున్నామా, ఉద్యోగం చేసుకున్నామా, అంతే." ఆ మాట వెనక ఉన్న భయం నాకు తెలుసు. కానీ వచ్చింది మనం. పిల్లలు ఎక్కడినుంచీ రాలేదు, ఇక్కడే పుట్టారు. 2016లో యూరోపియన్ యూనియన్‌లో ఉండాలా, బయటికి పోవాలా అని ఈ దేశం రెండుగా చీలిపోయినప్పుడు, మా ఇంట్లో ఆ మాట వినపడకూడదని నేనూ మావారూ గట్టిగా అనుకున్నాం. ఓటు దగ్గర మాత్రం మా ఇద్దరికీ కుదరలేదు. నేను రిమెయిన్, అంటే ఉండాలని. ఆయన లీవ్, అంటే బయటికి పోవాలని.

మేముండేది స్విండన్‌లో. అప్పటికి మా ఇద్దరివీ ఇండియన్ పాస్‌పోర్టులే. అయినా జూన్ 23న వెళ్ళి ఓటు వేశాం. ఇక్కడ నివాసముంటున్న, ఇండియాలాంటి కామన్వెల్త్ దేశాలవాళ్ళకు ఆ రెఫరెండంలో ఓటు హక్కు ఉంది. మా పక్కింటి గోవా కుటుంబానికి లేదు. స్విండన్‌లో గోవావాళ్ళు చాలామంది ఉన్నారు. 1961 డిసెంబరు దాకా గోవా పోర్చుగల్ చేతిలో ఉండేది కాబట్టి, అంతకుముందు అక్కడ పుట్టినవాళ్ళూ, వాళ్ళ పిల్లలూ, మనవలూ పోర్చుగల్ పౌరసత్వం తీసుకోవచ్చు. ఆ పాస్‌పోర్టుతో వీసా లేకుండా ఇక్కడికొచ్చి, గోడౌన్లలో రాత్రి షిఫ్టులు చేస్తూ పిల్లల్ని చదివించుకుంటున్నారు. ఐర్లండ్, మాల్టా, సైప్రస్‌లవాళ్ళు తప్ప మిగతా యూరప్ పౌరులెవరికీ ఆ ఓటు లేదు. పదకొండేళ్ళ మా పెద్దమ్మాయి అడిగింది: "ఆంటీవాళ్ళు మనకంటే ముందే వచ్చారు కదా అమ్మా. వాళ్ళ సంగతి తేల్చే ఓటు నాన్నకుంది, వాళ్ళకెందుకు లేదు?"

ఇలా అడిగే పిల్లతో "మనకెందుకు" అని ఎలా అంటాం? ఒకప్పుడు మనం బ్రిటిష్ పాలనలో ఉండడం, గోవా పోర్చుగీసు పాలనలో ఉండడం, ఆ చరిత్ర వచ్చి మా వీధిలో ఓటరు లిస్టు దాకా పాకడం, అన్నీ దానికి చెప్పాల్సొచ్చింది. తెలుగు పిల్లలకు ఇక్కడి చరిత్రలో వాటా ఎక్కడుందని ఎవరైనా అడిగితే నేను ముందు ఈ సంగతే చెప్తాను.

మావారు లీవ్ వైపు ఎందుకున్నారో కూడా పిల్లలకు తెలియాలి. మా అత్తగారు తెనాలిలో ఒక్కరే ఉంటారు. 2012 జూలైలో మారిన రూల్స్ ప్రకారం తల్లినో తండ్రినో ఇక్కడికి తెచ్చుకోవాలంటే, రోజువారీ పనులకు కూడా మరొకరి సాయం కావలసినంత జబ్బు వాళ్ళకు ఉండాలి, డబ్బు పంపినా ఆ సాయం ఇండియాలో దొరకదని నిరూపించాలి. అంటే దాదాపు తలుపు మూసేసినట్టే. యూరప్ దేశాలనుంచి వచ్చినవాళ్ళు మాత్రం తమమీద ఆధారపడిన తల్లిదండ్రుల్ని తెచ్చుకోగలిగేవాళ్ళు. 2015 నుంచి వీసాతో పాటు ఇక్కడి ప్రభుత్వ వైద్యం కోసం హెల్త్ సర్‌చార్జ్ అని మనిషికి ఏడాదికి 200 పౌండ్లు పెట్టారు, అదీ మనలాంటివాళ్ళకే. "పన్ను ఇద్దరమూ కడుతున్నాం. వాళ్ళ అమ్మకో రూలు, మా అమ్మకో రూలా?" అనేవారు ఆయన. లీవ్ పక్షాన ఉన్న మంత్రి ప్రీతి పటేల్ కూడా అప్పట్లో ఆసియా ఓటర్లకు ఇదే చెప్పారు, బయటికి వస్తే కామన్వెల్త్ వాళ్ళకు న్యాయం జరుగుతుందని. వంటవాళ్ళకు వీసాలు రాక ఇబ్బంది పడుతున్న కర్రీ రెస్టారెంట్లవాళ్ళు కొందరు ఆ మాట నమ్మారు.

నా వాదన వేరు. అత్తగారిని రానివ్వని రూలు బ్రస్సెల్స్‌లోని యూరోపియన్ యూనియన్ పెట్టింది కాదు, వెస్ట్‌మినిస్టర్‌లోని బ్రిటన్ ప్రభుత్వం పెట్టింది. పోలండ్ వాడిని పంపేస్తే తెనాలికి వీసా వస్తుందని ఎవరూ రాసివ్వలేదు. పైగా పరాయివాళ్ళమీద పెరిగే కోపం వీధిలో పాస్‌పోర్టు చూసి ఆగదు.

ఇద్దరం పిల్లల ముందే వాదించుకున్నాం. ఒక నియమం పెట్టుకున్నాం: ఎవరి పక్షం చెప్పే అంకెను వాళ్ళే పిల్లలకు వివరించాలి. యూనియన్‌కు వారానికి 35 కోట్ల పౌండ్లు పంపుతున్నామని లీవ్ ప్రచారంవాళ్ళు ఎర్ర బస్సు మీద రాసిన అంకె మావారి వంతు. బ్రిటన్‌కు ముందే మినహాయించే రిబేటు తీసేస్తే అది 25 కోట్ల దగ్గరికి వస్తుంది, అందులోనూ కొంత సబ్సిడీల రూపంలో వెనక్కే వస్తుంది. కాగితం మీద లెక్క వేసి ఆయనే చూపించారు. బ్రిటన్ అధికారిక గణాంకాల సంస్థ కూడా ఆ అంకె తప్పుదారి పట్టించేదని చెప్పింది. నా వంతుకు, బయటికి వస్తే ఒక్కో కుటుంబం ఏడాదికి 4,300 పౌండ్లు నష్టపోతుందన్న ట్రెజరీ (ఇక్కడి ఆర్థిక శాఖ) అంచనా వచ్చింది. అది మన జేబులోంచి పోయే డబ్బు కాదు. 2030కి దేశ ఆదాయం ఎంత తక్కువ పెరుగుతుందో ఊహించి, దాన్ని కుటుంబాల సంఖ్యతో భాగించిన లెక్క. అమ్మ పక్షంలోనూ అంకెల్ని సాగదీస్తారని పిల్లలు చూశారు. బడిలో ఏ పాఠమూ ఇంత బాగా నేర్పలేదని నా నమ్మకం.

ఓటింగ్‌కు వారం ముందు, జూన్ 16న, రిమెయిన్ వైపున్న జో కాక్స్ అనే ఎంపీని వెస్ట్ యార్క్‌షైర్‌లో ఒక జాత్యహంకారి నడివీధిలో చంపేశాడు. ఆమెకు ఇద్దరు చిన్నపిల్లలు. ఆ సాయంత్రం మా ఇంట్లో ఎవరూ వాదించలేదు. పెద్దమ్మాయి మాత్రం వాళ్ళ నాన్నను అడిగింది, చంపింది నీ పక్షంవాళ్ళేనా అని. ఆయన ముఖం మాడిపోయింది. "నా పక్షంలో అలాంటివాళ్ళున్నారు నాన్నా. నేను వాళ్ళతో లేను. ఈ రెండూ నిజమే" అన్నారు. ఆ జవాబు నాకు నచ్చింది, ఇప్పటికీ.

ఫలితం తెలిసిందే. దేశంలో 51.9 శాతం లీవ్, స్విండన్‌లో దాదాపు 55. ఆ నెలల్లో విద్వేష నేరాల ఫిర్యాదులు దేశమంతా పెరిగాయి. మా చిన్నోడిని కూడా బడిలో ఒక పిల్లాడు "మీరెప్పుడు వెళ్ళిపోతున్నారు?" అని అడిగాడు. వాడికి ఆరేళ్ళు. ఎదురింటి పెద్దావిడ కిటికీలో లీవ్ పోస్టరు ఉండేది. ఈస్టర్‌కు చాక్లెట్ గుడ్లు తెచ్చిచ్చే మనిషి ఆవిడ. ఆవిడకు మనమంటే ఇష్టం లేదా అని వాడు గుచ్చి గుచ్చి అడిగితే, ఆవిడనే అడగమని తీసుకెళ్ళాను. ఆవిడ నొచ్చుకోలేదు. ఆవిడ భర్త ఇక్కడి రైల్వే వర్క్‌షాపులో పనిచేసేవారట. 1986లో అది మూతపడింది. "అప్పట్నుంచి లండన్‌లో ఎవరూ ఈ ఊరిని ఏదీ అడగలేదు బాబూ. ఇన్నాళ్ళకు అడిగారు, చెప్పాను" అంది. పిల్లాడిని ఆ మాటన్న అబ్బాయి సంగతి వేరు, అది టీచరుతో మాట్లాడి తేల్చాల్సిన విషయం, తేల్చాం. ఈ రెండింటినీ కలిపి "వీళ్ళంతా ఇంతే" అని పిల్లలకు నూరిపోసే తల్లిదండ్రుల్ని చూస్తే నాకు బాధేస్తుంది. వాళ్ళు రేపు ఈ మనుషుల మధ్యే బతకాలి.

2019 ఫిబ్రవరిలో హోండా ఇక్కడి కార్ల ఫ్యాక్టరీ మూసేస్తామని ప్రకటించింది. 3,500 ఉద్యోగాలు. కారణం బ్రెగ్జిట్ (యూనియన్‌నుంచి బయటికి పోవడం) కాదు, ఎలక్ట్రిక్ కార్లవైపు పరిశ్రమ మారడమే అని కంపెనీ చెప్పింది. ఊళ్ళో ఎవరికి నచ్చిన కారణం వాళ్ళు చెప్పుకున్నారు. మేమూ అంతే.

నాది వరంగల్, ఆయనది తెనాలి కాబట్టి ఇంట్లో రెండు పక్షాలుండడం మాకు కొత్త కాదు. 2014 ఫిబ్రవరిలో పార్లమెంటులో బిల్లు పాసైనప్పుడు మా రెండువైపుల చుట్టాలూ కొన్నాళ్ళు ఫోన్లు మానేశారు. అది దేశం లోపల రాష్ట్రాల విషయం, రెఫరెండమూ లేదు, దీంతో పోల్చలేం. కానీ మాటలు మానేస్తే ఇంట్లో ఏమవుతుందో అప్పుడు చూశాం కాబట్టే, ఈసారి పిల్లల ముందు మాట ఆపలేదు.

తర్వాత ఏం జరిగిందో చెప్పకపోతే ఈ కథ సగమే. ఇక్కడే ఉండిపోవాలంటే, ఐర్లండ్‌వాళ్ళు తప్ప మిగతా యూరప్‌వాళ్ళంతా 2021 జూన్ 30 గడువులోగా సెటిల్మెంట్ స్కీముకు దరఖాస్తు చేయాల్సొచ్చింది. పక్కింటి ఆంటీవాళ్ళ మామగారికి ఫోన్‌లో ఆ యాప్ నింపింది మావారే, ముసలాయన పాస్‌పోర్టు చిప్ స్కాన్ కాక ఇద్దరూ తంటాలు పడ్డారు. అదే ఏడాది జూలైలో, చదువయ్యాక ఇక్కడే కొన్నాళ్ళు ఉద్యోగం చేసుకోనిచ్చే గ్రాడ్యుయేట్ వీసా మొదలైంది. మన పిల్లలు హైదరాబాద్‌నుంచి, విజయవాడనుంచి చదువులకు విరగబడి వచ్చారు. "చూశావా" అన్నారు ఆయన. చూశాను. హెల్త్ సర్‌చార్జ్ 2024లో 1,035 పౌండ్లకు చేరడమూ చూశాను. 2012 రూలు మాత్రం కదల్లేదు. మా అత్తగారు ఇంకా తెనాలిలోనే ఉన్నారు, ఒక్కరే.

చిన్నోడు తొమ్మిదో క్లాసులో ఉండగా బడివాళ్ళు బెల్జియంలోని ఈప్ర్ ఊరికి తీసుకెళ్ళారు, మొదటి ప్రపంచ యుద్ధం స్మారకాలు చూపించడానికి. అక్కడి మెనిన్ గేట్ మీద భారతీయ సైనికుల పేర్లు కూడా చెక్కి ఉంటాయి. వాడి స్నేహితుడొకడు కరీంనగర్‌నుంచి కొత్తగా వచ్చిన కుటుంబంవాడు, ఇండియన్ పాస్‌పోర్టు. యూనియన్‌లో ఉన్నన్నాళ్ళూ బడి ఒక జాబితా రాసిస్తే అలాంటి పిల్లలు వీసా లేకుండా క్లాసుతో పాటు వెళ్ళొచ్చేవాళ్ళు. ఇప్పుడు షెంగెన్ వీసా, అంటే బెల్జియంలాంటి యూరప్ దేశాలకు వెళ్ళే వీసా, కావాలి. ఆ తండ్రికి పద్ధతి తెలియకపోతే మావారు సెలవు పెట్టి వాళ్ళను లండన్‌లో వీసా సెంటర్‌కు తీసుకెళ్ళారు. మావాడూ కార్లో కూర్చున్నాడు. "నువ్వు వేసిన ఓటు వల్లే కదా నాన్నా ఇది?" అని దారిలో నిలదీశాడట. అవునన్నారు ఆయన, ఎందుకు వేశారో మళ్ళీ మొదటినుంచి చెప్పారు. వాడు ఒప్పుకోలేదు. పాత జాబితా పద్ధతి మళ్ళీ తెమ్మని మా ఎంపీకి ఉత్తరం రాశాడు, అమ్మానాన్నలిద్దరూ సంతకం పెట్టాలన్నాడు. మావారు రెండుసార్లు చదివి, ఒక వాక్యం దిద్దించి, సంతకం పెట్టారు.