పదిహేను సెంటీమీటర్లు

మా బడి ప్రయోగశాలలో కుంభాకార కటకాలు, అంటే మధ్యలో ఉబ్బెత్తుగా ఉండే గాజు బిళ్లలు, ఆరు ఉన్నాయి. ఆరింటి నాభ్యంతరమూ, అంటే బాగా దూరాన ఉన్న వస్తువు బొమ్మ కటకానికి ఎంత దూరంలో పడుతుందో ఆ కొలత, 10 సెంటీమీటర్లే. దుకాణానికి వెళ్లి కొని తెచ్చింది నేనే. గత నెల పదో తరగతి రికార్డులు దిద్దుతుంటే, 42 మందిలో 38 మంది నాభ్యంతరం 15 అని రాసి ఉన్నారు. వస్తుదూరం (కటకం నుంచి కొవ్వొత్తికి) 60 అయితే ప్రతిబింబదూరం (కటకం నుంచి తెర మీది బొమ్మకు) 20. 45 అయితే 22.5. 30 అయితే 30. లెక్క ఎక్కడా తప్పలేదు. ఆ కటకమే మా బడిది కాదు.

మందలించకుండా అడిగితే చెప్పారు. ప్రయోగం చేసిన రోజు కొలతలు కుదరలేదట. ఆ రాత్రి ఒకరు యూట్యూబ్ వీడియోలోని పట్టికను తరగతి వాట్సాప్ గ్రూపులో పెట్టారు. ఇంటిపని పంపడానికని ఆ గ్రూపు మొదలుపెట్టింది నేనే. అరగంటలో రికార్డులన్నీ పూర్తయ్యాయి.

మిగిలిన నలుగురిలో ఒకమ్మాయి ఇంట్లో ఉన్నది ఒకటే ఫోను. అది పొద్దున్నే వాళ్ల నాన్నతో పనికి వెళ్లి, పిల్ల నిద్రపోయాక తిరిగి వస్తుంది. ఆమె పట్టికలో 20కి 20.8, 25కి 16.9, 30కి 15.2. రెండు చోట్ల కొట్టి మళ్లీ రాసింది. వాటి నుంచి లెక్కగట్టిన నాభ్యంతరం సగటున 10.1. ఆ పుట నేను చాలాసేపు మూయలేకపోయాను.

గ్రామీణ భారతంలో పిల్లల చదువుపై జరిగిన 2024 అసర్ సర్వే ప్రకారం 14 నుంచి 16 ఏళ్ల వారిలో 82 శాతానికి పైగా స్మార్ట్‌ఫోను వాడటం తెలిసినవారే. అంతకుముందు వారంలో దాన్ని చదువుకు వాడామన్నది వారిలో 57 శాతం, సామాజిక మాధ్యమాలకు వాడామన్నది 76 శాతం. మా 38 మందిని అడిగితే ఆ రాత్రి ఫోను చదువుకే వాడామని చెబుతారు, అబద్ధమాడుతున్నామని అనుకోరు కూడా. రీల్స్ చూస్తూ పాడవుతున్నారని తల్లిదండ్రులు నా దగ్గర వాపోతుంటారు. నాకు అంతకంటే ఈ రకం చదువు మీదే బెంగగా ఉంది.

తప్పులో నా వాటా పెద్దది. ప్రయోగానికి ముందురోజు గోడకున్న డిజిటల్ ప్యానెల్ మీద వాళ్లకు వీడియో చూపించాను. అందులో మంట కదలదు, ప్రతిబింబం గీత గీసినట్టు ఒకే చోట పడుతుంది. మర్నాడు గదిలో కొవ్వొత్తి మంట గాలికి ఊగింది. తెరను ముందుకూ వెనక్కూ జరుపుతూ, మంట అంచు ఎక్కడ స్పష్టమైందో ఎవరి కంటితో వారు తేల్చుకోవాలి. ఒకరికి 20.8 వస్తే పక్కవారికి 19.7 వస్తుంది. వీడియో చూసి వచ్చిన పిల్లలు ఆ తేడాను తమ చేతకానితనం అనుకున్నారు.

ప్యానెల్‌ను నేను తీసిపారేయను. వస్తువును వేలితో జరుపుతుంటే కిరణాలు వెంటనే వంపు మార్చుకోవడం నల్లబల్ల మీద నేను ఎన్నేళ్లు గీసినా చూపించలేకపోయాను. కాకపోతే దాని వంతు ప్రయోగం తర్వాత రావాలి. ఇప్పుడు అలాగే చేస్తున్నాను.

పోయిన శనివారం మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాం. కొవ్వొత్తి కంటే ముందు, గది కిటికీకి ఎదురుగా కటకం పట్టుకుని, వెనుక తెల్లకాగితం ఉంచమన్నాను. సుమారు పది సెంటీమీటర్ల దూరంలో బయటి వేపచెట్టు కాగితం మీద తలకిందులుగా పడింది. ఆకులు కదులుతున్నాయి. చూడటానికి తోసుకున్నారు. ఆ తర్వాత కొవ్వొత్తితో వచ్చిన నాభ్యంతరం విలువలు 9.8, 10.4, 10.2. ఎవరిది సరైనదో గంట కొట్టేదాకా వాదించుకున్నారు, నేను కలగజేసుకోలేదు.

ఆ పట్టికను గ్రూపులో పెట్టిన అబ్బాయి చివర్లో దగ్గరికి వచ్చాడు. "సార్, ఫోను కెమెరాలో కూడా చెట్టు ఇలాగే తలకిందులుగా పడుతుందా?" పడుతుందన్నాను. "మరి దాని నాభ్యంతరం ఎంత ఉంటుంది సార్?" కొన్ని మిల్లీమీటర్లే అంటే నమ్మలేదు. మా ఇంట్లో పాడైన పాత ఫోను ఒకటి ఉంది. సోమవారం తెస్తాను, విప్పి చూద్దామన్నాను.