గేదె పోయిందని రుజువేది?

తుపాను పరిహారం వార్త పేపర్లో ఒక్క అంకెతో అయిపోతుంది: గేదెకింత, గొర్రెకింత అని. ఆనందపురం, పద్మనాభం వైపు పశువుల ఆస్పత్రుల్లో పనిచేసి రిటైరైనవాణ్ణి. ఆ అంకెకీ రైతు బ్యాంకు పాసుపుస్తకానికీ మధ్య ఎంత దూరముందో కాస్త తెలుసు.

ముందు లెక్క చూద్దాం. కేంద్రం 2022లో సవరించిన విపత్తు సహాయ నిధి నిబంధనల ప్రకారం పాడి గేదె, ఆవు పోతే 37,500 రూపాయలు, ఎద్దుకు 32,000, దూడకు 20,000, గొర్రెకు, మేకకు 4,000, కోడికి 100. రాష్ట్రం కావాలంటే పైన కలిపి ఇవ్వొచ్చు. 2024 సెప్టెంబరు వరదలప్పుడు మన ప్రభుత్వం గేదెకు 50,000 ప్రకటించింది. సంతలో మంచి ముర్రా గేదె లక్షకు తక్కువ దొరకడం కష్టం. సరే, ఎంతో కొంత చేతికొస్తుందిలే అనుకుంటే, పాడి పశువులు ఇంటికి 3, గొర్రెలైతే 30 వరకే ఇస్తారు. 60 గొర్రెలు పోయిన కాపరికి సగం మంద లెక్కలోకే రాదు. కోళ్లకు ఇంటికి 10,000 దాటదు. పెరటి కోళ్లవాళ్లకు అది మేలే గానీ, షెడ్డు కూలినవాడికి దాణా బాకీలో ఏ మూలకీ చాలదు.

డబ్బు సంగతి అలా ఉంచితే, అసలు తంటా కళేబరంతో. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటాక రోడ్ల నిండా చెట్లే. కరెంటు లేదు, ఫోన్లు పనిచేయవు. సాల కూలి చచ్చిన గేదె రెండోరోజుకే ఉబ్బిపోతుంది. రోగాలు రాకుండా వెంటనే గొయ్యి తీసి సున్నం చల్లి పూడ్చమనేదీ మేమే, పోస్టుమార్టం లేకపోతే కాగితం కదలదనేదీ మేమే. "ఏటి బాబూ, మీరొచ్చీదాకా ఈ కంపులోనే తొంగోమంటారేటి?" అని ఓ ముసలాయన నిలదీశాడు. ఆయన అడిగిందాంట్లో తప్పేముంది?

ఓ పెద్దావిడైతే గేదెను పూడ్చే ముందు గుర్తింపు నంబరు ట్యాగున్న చెవి కోయించింది. ఉప్పు రాసి, ఎరువుల సంచి ముక్కలో చుట్టి ఆస్పత్రికి తెచ్చింది. బీమా వాళ్లు అడుగుతారని ఎప్పుడో విందట. ట్యాగు మీద బురద చీరకొంగుతో తుడిచి, నంబరు నాకే చదివి వినిపించింది. తీరా చూస్తే గేదె ఎప్పుడో పోయిన మొగుడి పేరు మీదుంది. ఆ ముడి విప్పేసరికి తలప్రాణం తోకకొచ్చింది.

చావకుండా మిగిలిన పశువుల సంగతి ఎవరూ అడగరు. రాత్రంతా వానలో తడిసి, నెమ్ము చేసి, పాలు ఎండిపోయిన గేదెకు పైసా రాదు. చావకపోవడం దాని తప్పన్నట్టు.

ఇప్పుడు చేతిలో ఫోనుంది. పూడ్చే ముందు ట్యాగు నంబరు, కూలిన సాల, పక్కన మీరు కనబడేలా ఫొటోలు తీయండి. ఇరుగుపొరుగుని ఇద్దరిని పిలిచి చూపించండి. ఊళ్లో రైతు సేవా కేంద్రంలో పశుసంవర్ధక సహాయకుడికి ఆ రోజే చెప్పండి. జబ్బు పడ్డవాటికి 1962కి ఫోన్ చేస్తే సంచార వైద్యశాల వస్తుంది. ఇలాంటి ఫొటోలూ ఇరుగుపొరుగు సాక్ష్యమూ ఉంటే చాలని ప్రభుత్వం రాతపూర్వకంగా ఒప్పుకోవాలి, నా గోల అదే.

ట్యాగు లేనివాటికి అక్టోబరు లోపే వేయించండి, ఉచితమే. చెవి చిరుగుతుందని కొందరు వెనకాడతారు. చిరిగితే మందుంది.