దసరా నాడు నా గిన్నె వేరు

అక్టోబర్ 2, 2025, గురువారం. దేవరకొండ.

అందరూ పడుకున్నారు. అత్తగారింటి వసారాలో మంచం మీద కూర్చుని రాస్తున్నాను. కడుపు ఇప్పుడే కాస్త నెమ్మదించింది.

పొద్దున నల్లగొండ బస్టాండులోనే టెన్షన్ మొదలైంది. ఎక్కే ముందు రెండుసార్లు బాత్రూంకు పోయి వచ్చాను. అయినా ఊరు దాటగానే గుడగుడ. కొండమల్లేపల్లి ఎప్పుడొస్తుందా అని కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. పక్క సీట్లో నా భార్య ఏమీ అడగలేదు, బ్యాగులోంచి నీళ్ళ సీసా తీసి చేతిలో పెట్టింది. నేను పొద్దటి నుంచి ఏమీ తినలేదని ఆమెకు తెలుసు. ప్రయాణం ఉన్న రోజు తినను. అన్నం లోపల పడగానే పెద్దపేగు కదలడం అందరికీ ఉండేదే కానీ, నాలాగా ఐబీఎస్ అనే పేగు జబ్బు ఉన్నవాళ్ళకు ఆ కదలిక మరీ గట్టిగా ఉంటుంది. నూనె, కొవ్వు ఎక్కువైతే ఇంకా గట్టిగా.

నాలుగేళ్ళయింది ఈ బాధ మొదలై. రక్త పరీక్షలు, స్కానింగ్, కొలొనోస్కోపీ అన్నీ అయ్యాయి. అన్నిట్లో నార్మల్. ఆ మాట చూసి సంతోషించాలో ఏడవాలో తెలియలేదు, ఎందుకంటే నొప్పి మాత్రం నార్మల్‌గా లేదు. చివరికి ఒక డాక్టర్ ఓపిగ్గా కూర్చోబెట్టి చెప్పారు. పేగులో పుండు లేదు, గడ్డ లేదు, ఇది క్యాన్సర్‌గా మారేది కాదు. పేగుకూ మెదడుకూ మధ్య నడిచే సంకేతాలు తేడా పడ్డాయి, అందుకే మామూలు గ్యాస్ కూడా నీకు మెలిపెట్టినట్టు తెలుస్తుంది అన్నారు. మలంలో రక్తం పడినా, కారణం లేకుండా బరువు తగ్గినా, రాత్రి నిద్రలోంచి లేపేంతగా మోషన్స్ అయినా వెంటనే రమ్మన్నారు. అవేవీ ఇంతవరకు లేవు.

ఆయన దగ్గరే లో ఫాడ్‌మ్యాప్ అనే మాట విన్నాను. ఆస్ట్రేలియాలో మోనాష్ యూనివర్సిటీ వాళ్ళు తయారుచేసిన ఆహార పద్ధతి అది. చిన్నపేగు సరిగా పీల్చుకోలేని కొన్ని రకాల పిండి పదార్థాలు, చక్కెరలు ఉంటాయి, వాటినే ఫాడ్‌మ్యాప్ అంటారు. అవి పేగులోకి నీళ్ళను లాగుతాయి, పెద్దపేగులోకి పోయాక అక్కడి బాక్టీరియా వాటిని పులియబెట్టి గ్యాస్ పుట్టిస్తుంది. ఆ పదార్థాలను కొన్ని వారాలు మానేసి, తర్వాత ఒక్కొక్కటే తిని చూసుకోవాలి. అట్లా చూసుకుంటే నాకు పడనివి ఏవో తేలింది: ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ, పాలు, శనగపప్పు, బొబ్బర్లు. వరి అన్నం పడుతుంది. జొన్నరొట్టె పడుతుంది. పెరుగు కొద్దిగా అయితే ఫర్వాలేదు.

ఈ లెక్కన మొన్న మంగళవారం సద్దుల బతుకమ్మ నాకు నిజంగా పండుగే. పులిహోర, పెరుగు సద్ది, నువ్వుల సద్ది, దేంట్లోనూ ఉల్లిగడ్డ లేదు. కడుపునిండా తిన్నాను. కానీ దసరా అట్లా కాదు. మటన్, బగారన్నం, గారెలు, పచ్చిపులుసు. దేన్ని ముట్టుకున్నా ఉల్లిగడ్డే.

పోయిన మూడు దసరాల్లో రెండుసార్లు నేను ఈ ఇంట్లో అబద్ధాలు చెప్పాను. ఒకసారి బస్టాండులో టిఫిన్ ఎక్కువ తిన్నానన్నాను. ఒకసారి మొక్కు ఉందన్నాను. పోయినేడు అబద్ధం దొరకక, పెట్టిందల్లా తిన్నాను. అల్లుడు పళ్ళెం ముందు చేయి వెనక్కి తీస్తే అత్తగారింట్లో అది చిన్న విషయం కాదు. ఆ రోజు సాయంత్రం నుంచి తెల్లారేదాకా నేను పడ్డ నరకం నా భార్య ఒక్కతే చూసింది. ఈసారి ఆమే పది రోజుల ముందు ఫోన్ చేసి వాళ్ళమ్మకు అంతా చెప్పింది. చెబుతుంటే నేను పక్క గదిలో ఉన్నాను, సిగ్గుతో.

అత్తమ్మ మొదట నొచ్చుకుందట. "నా చేతి వంట పడతలేదా ఆయనకు?" అని అడిగిందట. తర్వాత "ఉల్లిగడ్డ లేకుంటే కూర ఎట్ల చిక్కగయితది బిడ్డా?" అని అడిగిందట. ఈ రెండో ప్రశ్న విన్నాకే నాకు ధైర్యం వచ్చింది. వండే ఉద్దేశం ఉన్న మనిషే అట్లా అడుగుతుంది.

ఈసారి దసరా, గాంధీ జయంతి ఒకే రోజు పడ్డాయి కాబట్టి మామయ్య నిన్ననే మటన్ తెచ్చి పెట్టాడు. అత్తమ్మ ముక్కలు కడిగి, ఉప్పు, పసుపు పట్టించి, ఎల్లిగడ్డ తగలకముందే నా వాటా ఒక చిన్న గిన్నెలోకి తీసింది. దాంట్లో అల్లం, ధనియాల పొడి, కొద్దిగా ఎండు కొబ్బరి, చివర్లో కొత్తిమీర. కారం సగమే. ఎల్లిగడ్డ వాసన కూడా రావద్దా అని కూతురిని అడిగితే నేను వంటింటి గడప దగ్గర నిలబడి చెప్పాను. ఎల్లిగడ్డలో నాకు పడనిది నీళ్ళల్లో కరుగుతుంది, నూనెలో కరగదు. కాబట్టి రెబ్బలు కాగే నూనెలో వేసి, ఎర్రబడగానే తీసి పారేస్తే చాలు, వాసన ఉంటుంది, బాధ ఉండదు. కూర ఉడికాక ఉల్లిగడ్డ ముక్కలు ఏరేసి తింటే మాత్రం లాభం లేదు, అప్పటికే అది పులుసులోకి దిగిపోయి ఉంటుంది. అత్తమ్మ నా మొహం చూడకుండా, శ్రద్ధగా విన్నది. ఆమె నాతో నేరుగా మాట్లాడదు. పెళ్ళయిన తొమ్మిదేళ్ళలో ఏది చెప్పాలన్నా కూతురి ద్వారానే.

అందరితో పాటు పంక్తిలో కూర్చుని తిన్నాను. నాకది చాలా పెద్ద విషయం. తెల్లన్నం, నా గిన్నెలోని కూర. ఎంత బాగుందో రాయలేను. బామ్మర్ది "బావా, ఒక్క గ్లాసు కల్లు తాగు, కడుపు సల్లగయితది" అన్నాడు. వద్దన్నాను. ప్రేమతోనే అన్నాడు, నేనూ నవ్వుతూనే చెప్పాను. బొబ్బర్ల గారెలు మాత్రం చూస్తూ ఊరుకోలేకపోయాను. మా అమ్మ కూడా దసరాకు అవే చేసేది. ఒక్కటంటే ఒక్కటి తిన్నాను, నెమ్మదిగా. ఐబీఎస్‌లో ఏం తిన్నామన్నదే కాదు, ఎంత తిన్నామన్నదీ లెక్కే.

అయినా నాలుగు గంటలకు నొప్పి వచ్చింది. గారె వల్లనో, మటన్ కొవ్వు వల్లనో, పొద్దున బస్సులో పడ్డ టెన్షన్ వల్లనో. అన్నీ సరిగ్గా చేసిన రోజు కూడా ఇట్లా అవుతుంది, అదే నాకు అన్నిటికంటే ఎక్కువ బాధ. అందరూ కొత్త బట్టలు కట్టుకుని జమ్మిచెట్టు దగ్గరికి బయలుదేరితే నేను ఇంట్లోనే ఉండిపోయాను. వేడినీళ్ళ సీసా పొట్ట మీద పెట్టుకుని, డప్పుల చప్పుడు దూరం పోతుంటే వింటూ పడుకున్నాను. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

చీకటి పడ్డాక నా బిడ్డ ఉరికొచ్చి "నాన్నా, బంగారం!" అని జమ్మి ఆకు నా చేతిలో పెట్టి కాళ్ళు మొక్కింది. పాలపిట్ట కనబడ్డదట, కరెంటు తీగ మీద. అది ఎటు ఎగిరిందో, ఎంత నీలంగా ఉందో చాలాసేపు చెప్పింది.

రాత్రి నేనేమీ తిననన్నాను. కాసేపటికి అత్తమ్మ పల్చటి బియ్యపు జావ గ్లాసులో తెచ్చి నా పక్కన స్టూలు మీద పెట్టింది. పెట్టి వెళ్ళిపోలేదు. కొంగు సర్దుకుంటూ నిలబడింది.

"పొద్దుగాల ఏం జెయ్యాలె మీకు?" అంది. నన్నే.

"జొన్నరొట్టె చాలు అత్తమ్మా" అన్నాను.

పిండి ఉందో లేదో చూస్తానని లోపలికి పోయింది. డబ్బా మూత తీసిన చప్పుడు వినబడింది.